చూసినవాళ్ల లెక్క సరే, చూపించని వీధి లెక్కేదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

పండగలు దగ్గరపడేకొద్దీ బెంగళూరు తెలుగువాళ్ల కోసం తీసిన వీడియో ప్రకటనలు ఫోన్ల నిండా తిరుగుతుంటాయి. చీరల దుకాణాలు, కర్రీ పాయింట్లు, పీజీ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, దేవనహళ్లి వైపు ప్లాట్లు వేసేవాళ్లు, ఎవరి వీడియో వాళ్లది. పండగ వెళ్లిపోయాక ప్రకటన నడిపిన ఏజెన్సీ నుంచి దుకాణదారుకి వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది. "10 లక్షల వ్యూస్ సార్!" డబ్బు కట్టినవాళ్లకి అది చూస్తే కడుపు నిండినట్టే ఉంటుంది. గల్లాపెట్టె నిండిందా అన్నదానికి మాత్రం అందులో జవాబు ఉండదు. ఆ జవాబు ఎలా రాబట్టాలో, ఎక్కడ లెక్క తప్పుతుందో మీ పాఠకుల్లో ఉన్న చిన్న వ్యాపారుల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు "వ్యూ" అన్న మాట సంగతి. యూట్యూబ్‌లో 5 సెకన్ల తర్వాత స్కిప్ మీట కనబడే ప్రకటన ఉంటుంది కదా, దాన్ని 30 సెకన్లు చూస్తే ఒక వ్యూ. ప్రకటన నిడివి 30 సెకన్లకన్నా తక్కువైతే చివరిదాకా చూడాలి. మధ్యలో దాని మీద నొక్కినా వ్యూ కిందే జమ. 6 సెకన్ల బంపర్ ప్రకటనకు స్కిప్ ఉండదు. అక్కడ వెయ్యిసార్లు చూపినందుకు ఇంత అని ధర కడతారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రిపోర్టులో 3 సెకన్ల ప్లేలకు ఒక గడి ఉంటుంది. 15 సెకన్లో, పూర్తిగానో చూసినవాటిని త్రూప్లే అని ఇంకో గడిలో వేస్తారు. యూట్యూబ్ షార్ట్స్‌లోనైతే 2025 మార్చి 31 నుంచి వీడియో కదలడం మొదలైతే చాలు, తిరిగి మొదటికొచ్చి ఆడినా సరే, వ్యూ పడిపోతుంది. ఇవన్నీ కలిపేసి పది లక్షలు అనడం శేర్లనూ గజాలనూ కలిపి కూడడం లాంటిది. స్క్రీన్‌షాట్ పంపినవాళ్లని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఏ వ్యూ, ఎన్ని సెకన్లది?

కనబడడానికి కూడా ఒక ప్రమాణం ఉంది. అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ 2014లో పెట్టిన లెక్క ప్రకారం వీడియో ప్రకటన విస్తీర్ణంలో సగం, ఆపకుండా 2 సెకన్లు తెర మీద ఉంటే అది "చూడదగ్గది" (ఇంగ్లీషులో వ్యూయబుల్). రెండు సెకన్లలో దుకాణం పేరు చదవడం కూడా పూర్తవదు. కాబట్టి "95 శాతం వ్యూయబిలిటీ" అని రిపోర్టులో ఉంటే మురిసిపోవలసిందేమీ లేదు. అది లేకపోతే మాత్రం కచ్చితంగా చింతపడాలి.

వీడియోలో పావు, సగం, ముప్పావు, పూర్తి అని నాలుగు మజిలీల దగ్గర ఎంతమంది మిగిలారో చెప్పే అంకెలు కూడా వస్తాయి. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నా దృష్టిలో డ్యాష్‌బోర్డు మొత్తంలో పనికొచ్చే గడులు అవే. ఎందుకంటే అవి వీడియో తప్పును చూపిస్తాయి. మొదటి పావులోనే జనం జారిపోతుంటే, దుకాణం పేరూ ఏరియా పేరూ మొదటి 5 సెకన్లలోకి రావాలి. డ్రోన్ షాట్లతో, వేణుగానంతో మొదలుపెట్టి పేరును చివర్లో చెప్పే వీడియోకి సగం డబ్బు పేరు లేకుండానే ఖర్చవుతుంది. ఫేస్‌బుక్‌లో చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి పేరు మాటల్లోనే కాక తెర మీద అక్షరాల్లోనూ ఉండాలి. ఒక జాగ్రత్త: 20 సెకన్ల వీడియో పూర్తి శాతాన్ని 60 సెకన్ల దానితో పోల్చకూడదు. చిన్నది ఎప్పుడూ గెలుస్తుంది.

ఇక తక్కెడ ఎవరి చేతిలో ఉందన్నది. సంతలో టమాటాలు తూచే తక్కెడకు కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. సభ్యులైన పత్రికల సర్క్యులేషన్‌ను 1948 నుంచి ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ సరిచూస్తోంది. టీవీ చూసేవాళ్లను లెక్కబెట్టడానికి బార్క్ సంస్థ మీటర్లు ఉన్నాయి. ఆన్‌లైన్ వీడియోలో మాత్రం చాలావరకు అమ్మేవాడే తూస్తాడు, చీటీ కూడా అతనే రాసిస్తాడు. పెద్ద కంపెనీలు డబ్బిచ్చి బయటి సంస్థలతో సరిచూయించుకుంటాయి. మారతహళ్లిలో ఒక్క దుకాణం ఉన్నాయనకు అంత స్తోమత ఎక్కడిది? 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ఒక తప్పు ఒప్పుకొంది. వీడియో సగటు వీక్షణ సమయం లెక్కగట్టేటప్పుడు 3 సెకన్లు దాటి చూసినవాళ్లతో మాత్రమే భాగించింది. అంతకుముందే జారుకున్నవాళ్లు భాగహారంలోకే రాలేదు. అలా ఆ సగటు 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువగా కనబడి ఉండొచ్చని ప్రకటనల సంస్థలకు తెలియజేసింది. దాని మీద అమెరికాలో నడిచిన దావా 2019లో 4 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అది కావాలని చేసిందా, పొరపాటా అన్న చర్చ పక్కన పెడితే, భాగహారంలో కింద ఎవరున్నారో అడగడం అలవాటు చేసుకోవాలని మాత్రం తెలుస్తుంది.

అసలు మోసం వేరే ఉంది. 2016 డిసెంబరులో బయటపడ్డ మెథ్‌బాట్ వ్యవహారంలో మనుషులే లేకుండా సర్వర్లలో నడిచే ప్రోగ్రాములు, పేరున్న వెబ్‌సైట్ల వేషంలో రోజుకి 20 నుంచి 30 కోట్ల వీడియో ప్రకటనలు "చూశాయి". రష్యా దేశస్థుడైన సూత్రధారికి 2021లో న్యూయార్క్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. అంత పెద్ద దొంగతనం మన వీధి దుకాణం దాకా రాదులే అనుకోవద్దు. చౌకగా, ఎక్కువ పూర్తి శాతంతో వస్తున్న వ్యూలు ఎక్కడివో చూడాలి. యూట్యూబ్ ప్రకటనలు నడిపే గూగుల్ వీడియో క్యాంపెయిన్‌లో బయటి సైట్లూ యాప్‌లూ ఉండే "వీడియో పార్ట్‌నర్స్" అనే ఎంపిక ఉంటుంది. మూలన, శబ్దం లేకుండా ఆడిన ప్రకటనలకు కూడా అక్కడ డబ్బు పడిందని 2023లో ఒక పరిశోధన సంస్థ ఆరోపించింది. గూగుల్ ఆ వాదన ఒప్పుకోలేదు. ఎవరిది నిజమైనా, చిన్న బడ్జెట్ ఉన్నవాళ్లు మొదటిసారి ఆ టిక్కు తీసేసి నడిపితే లెక్క తేటగా ఉంటుంది.

ప్రకటనలు ఎక్కడ కనబడ్డాయో చెప్పే ప్లేస్‌మెంట్ రిపోర్టు వారానికోసారి తెరవాలి. తెరిస్తే సాధారణంగా మొదటి వరసలో పిల్లల పాటల ఛానళ్లు, ఆటల యాప్‌లు ఉంటాయి. అమ్మ ఫోను పట్టుకుని పాటలు చూసే మూడేళ్ల పిల్లకి స్కిప్ నొక్కాలన్న ఆలోచనే ఉండదు. పట్టుచీరల ప్రకటనను ముద్దుగా చివరిదాకా చూస్తుంది. రిపోర్టులో పూర్తి శాతం అదిరిపోతుంది. ఆటల యాప్‌లోనైతే మూసేయబోయి వేలు తగిలి పడిన క్లిక్కులు. వీటిని ప్లేస్‌మెంట్ మినహాయింపుల జాబితాలో పెట్టాలి. పెట్టాక వ్యూ ధర పెరుగుతుంది, ఏజెన్సీ గొణుగుతుంది. పెరగనివ్వండి.

బెంగళూరులో తెలుగువాళ్లని వెతికేచోట రెండు సెట్టింగులు తరచూ తప్పుతాయి. ఒకటి భాష. గూగుల్‌లో "తెలుగు" అని ఎంచుకుంటే ఆ మనిషి మాతృభాషను అది పట్టుకోలేదు. ఫోను ఏ భాషలో పెట్టుకున్నాడు, దేనిలో వెతుకుతాడు, ఏం చూస్తాడు లాంటి గుర్తుల మీద అంచనా వేస్తుంది. ఇక్కడి ఐటీ ఉద్యోగి ఫోను ఇంగ్లీషులో ఉంటుంది, వెతకడమూ ఇంగ్లీషులోనే. తెలుగు ఒక్కటే టిక్కు పెడితే అలాంటి వాళ్లలో చాలామంది జారిపోతారు. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంచి, తెలుగు వార్తలు, వంటలు, సినిమా కబుర్ల ఛానళ్లను ప్లేస్‌మెంట్లుగా ఇవ్వడం మేలు. రెండోది ఊరు. ఊరి ఎంపికలో మామూలుగా ముందే పెట్టి ఉండేది "ఆ ఊళ్లో ఉన్నవాళ్లు లేదా ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లు" అన్నది. బెంగళూరు బస్సుల కోసం వెతికిన అనంతపురం విద్యార్థికి కూడా ప్రకటన పోతుంది. దాన్ని "ఉన్నవాళ్లు, తరచూ ఉండేవాళ్లు" అన్నదానికి మార్చాలి. ఇంత చేసినా సంక్రాంతి వారం మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. మడివాళ, మారతహళ్లి, కేఆర్‌పురం దగ్గర బస్సులెక్కి మనవాళ్లంతా ఊళ్లకి పోతే, ఖాళీ అయిన ఊరికి ప్రకటన చూపించి ఫలితం రాలేదని వీడియోను తిట్టడం అన్యాయం. సంక్రాంతి కొనుగోళ్ల కోసమైతే ప్రకటన జనవరి మొదటి వారానికే ముగిసిపోవాలి.

ఇప్పుడు రీచ్ (ఎంతమందికి చేరింది), ఫ్రీక్వెన్సీ (ఒక్కొక్కరికి ఎన్నిసార్లు). 10 లక్షల ఇంప్రెషన్లు (ప్రకటన తెర మీద పడిన సార్లు), 2.5 లక్షల మంది, సగటున 4 సార్లు. వినడానికి బాగుంది. కానీ ఆ సగటు లోపల ఇలా ఉండొచ్చు: లక్షన్నర మంది ఒక్కసారే చూశారు. 80 వేల మంది ఐదేసి సార్లు, మిగిలిన 20 వేల మంది ఇరవై రెండు, ఇరవై మూడు సార్లు. కూడి చూడండి, పది లక్షలే వస్తుంది. దాదాపు సగం డబ్బు ఆ 20 వేల మందిని విసిగించడానికి పోయింది. అందుకే సగటు వద్దు, ఒకసారి ఎంతమంది, రెండుసార్లు ఎంతమంది, పదిసార్లు దాటి ఎంతమంది అన్న పట్టిక అడగాలి. వారానికి మనిషికి 3 సార్లు మించకుండా హద్దు పెట్టమనాలి. ఆ 3 దైవవాక్కేమీ కాదు, మొదలుపెట్టడానికి ఒక అంకె. ఇంకో సంగతి: ఫోనులో, ఇంట్లో టీవీలో, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చూసిన ఒకే మనిషి ముగ్గురిగా లెక్కలోకి రావచ్చు. టీవీ ముందు కూర్చున్న నలుగురు ఒక్కరిగా పడవచ్చు. యూట్యూబ్ రీచ్ 40 శాతం, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ) రీచ్ 30 శాతం అంటే కలిపి 70 అని రాసేస్తారు. రెండు చోట్లా చూసినవాళ్లు ఉంటారు కాబట్టి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడ్డాయనుకున్నా 58 శాతమే. మన తెలుగు జనం లాంటి చిన్న గుంపులో ఆ రెండూ ఇంకా ఎక్కువగా ఒకరి మీదే పడతాయి.

ఈ ప్రకటన వల్లే ఈ అమ్మకం అని ముడివేసే చోట లెక్క మరీ బోర్లాపడుతుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్లు 100 వస్తే గూగుల్ 60 నావంటుంది, మెటా 70 నావంటుంది. ఎవరూ అబద్ధమాడడం లేదు, ఎవరి గడువు వారిది. మెటాలో మామూలుగా ఉండేది, క్లిక్ చేసి 7 రోజుల్లో కొన్నా, ఊరికే చూసి ఒక రోజులో కొన్నా మాదే అన్న లెక్క. గూగుల్‌లో క్లిక్కుకి 30 రోజులు, స్కిప్ చేయగల ప్రకటనను 10 సెకన్లు చూసి ఊరుకుంటే 3 రోజులు. రెండూ చూసినవాడు రెండు ఖాతాల్లోనూ జమ. ఈ గడువులను క్యాంపెయిన్ మొదట్లోనే ఒక కాగితం మీద రాసుకుని, మధ్యలో మార్చకుండా ఉంచాలి. మారిస్తే నెలకీ నెలకీ పోలిక చెడిపోతుంది.

ఇక్కడే పంపుపనివాడి పనిలాంటి కొన్ని చిల్లర లీకులు కూడా చూసుకోవాలి. కొన్నాక వచ్చే "ధన్యవాదాలు" పేజీ తెరుచుకోగానే లెక్క పడేలా ట్యాగ్ (చిన్న కోడ్ ముక్క) పెడతారు. కొనుగోలుదారు రసీదు కోసం మళ్లీ తెరిస్తే రెండోసారీ పడుతుంది. ట్యాగ్‌తో పాటు ఆర్డరు నంబరు కూడా పంపితే ఆ రెండోది రాలిపోతుంది. ఫోన్ నంబరు ఇచ్చిన ఎంక్వయిరీలకు "ఒకటే లెక్కించు" అనీ, కొనుగోళ్లకు "ప్రతిదీ లెక్కించు" అనీ సెట్టింగు ఉండాలి, తారుమారైతే పది ఎంక్వయిరీలు ఒకే మనిషివి అవుతాయి. ఖాతా తెరిచినప్పుడు టైమ్ జోన్ భారత కాలమానంలో పెట్టారో లేదో చూడాలి, లేకపోతే రోజువారీ అంకెలు బిల్లు పుస్తకంతో ఏనాటికీ కలవవు. గూగుల్ యాడ్స్‌లో కొనుగోలు, జరిగిన రోజు కింద కాకుండా క్లిక్ పడిన రోజు కింద పడుతుంది, కాబట్టి నిన్నటి అంకె వచ్చే వారానికి పెరిగి కనబడుతుంది. సోమవారం రిపోర్టు చూసి క్యాంపెయిన్ ఆపేసేవాళ్లు ఇది తెలియకే ఆపేస్తారు. లింకులన్నిటికీ యూటీఎమ్ తోకలు (ఏ ప్రకటన నుంచి వచ్చారో చెప్పే అక్షరాలు) ఒకే రకంగా, చిన్న అక్షరాలతోనే ఉండాలి. ఒకచోట పెద్ద అక్షరం పడితే గూగుల్ అనలిటిక్స్ దాన్ని వేరే వరసగా చూపిస్తుంది.

దుకాణానికి నడిచొచ్చేవాళ్ల కోసం ఈ ప్రకటనకు మాత్రమే ఇచ్చిన ఫోన్ నంబరు, ఒక కూపన్ మాట ఉపయోగపడతాయి. కౌంటర్‌లో "మా గురించి ఎక్కడ చూశారు?" అని అడగడాన్ని మాత్రం నమ్మొద్దు. అసలు టీవీ ప్రకటనే ఇవ్వని దుకాణంలో కూడా "టీవీలో చూశామండీ" అనేవాళ్లు ఉంటారు. కూపన్‌కు కూడా ఒక లోపం ఉంది. ఎలాగూ కొనడానికొచ్చినాయన గుమ్మంలో నిలబడి ఫోనులో వెతికి ఆ కూపన్ చూపిస్తాడు. ప్రకటన ఖర్చుకి తగ్గింపు ఖర్చు తోడవుతుంది.

ఈ అంకెలన్నీ సరిచేసుకున్నా మూలప్రశ్న అలాగే ఉంటుంది. ప్రకటన లేకపోయినా వాళ్లు కొనేవాళ్లేనా? వరలక్ష్మీ వ్రతానికి చీర కొనడం యూట్యూబ్ నేర్పింది కాదు. దానికి జవాబు కావాలంటే ప్రకటన చూపించకుండా అట్టేపెట్టిన చోటు ఒకటి ఉండాలి. పొలంలో కొత్త ఎరువు వేసే రైతు కూడా ఒక మడి వదిలేసి చూస్తాడు, మనం ఆ మడి వదలం. వదలమని అడిగే ఏజెన్సీ కూడా అరుదే, ఎందుకంటే దానికి కమీషన్ వచ్చేది చల్లిన ఎరువు మీద.

ఒక్క దుకాణం ఉన్నవాళ్లు దీన్ని ఇలా చేయొచ్చు. ప్రతి బిల్లు మీద పిన్‌కోడ్ రాయించాలి. ఇంటి పిన్‌కోడ్ చాలు, పేరూ నంబరూ అక్కర్లేదు. తర్వాత ఊరిని దూరదూరంగా ఉన్న రెండు భాగాలు చేయాలి. తూర్పున మారతహళ్లి 560037, కేఆర్‌పురం 560036, వైట్‌ఫీల్డ్ 560066 ఒక వైపు. దక్షిణాన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ 560102, ఎలక్ట్రానిక్ సిటీ 560100 ఇంకో వైపు. మధ్యలో బెళ్లందూరు వంటి చోట్లను రెంటిలోనూ కలపకుండా వదిలేయాలి. ఎటు వైపు ప్రకటన వేయాలో మనకు నచ్చినట్టు ఎంచకూడదు, నాణెం ఎగరేయాలి. "అమ్మకాలు బాగున్నచోట వేద్దాం" అనుకుంటే అక్కడికక్కడే లెక్క చెడింది. ప్రకటన నడిచినన్నాళ్లూ తగ్గింపులు, కరపత్రాలు రెండు వైపులా ఒకేలా ఉండాలి.

ఒక ఊహా లెక్క చూద్దాం. ప్రకటనకు ముందు 4 వారాల్లో ప్రకటన వేయబోయే వైపు నుంచి 800 బిల్లులు, వేయని వైపు నుంచి 640. ప్రకటన నడిచిన 4 వారాల్లో వేసిన వైపు 1,080, వేయని వైపు 800. ఏజెన్సీ చెప్పేది "280 బిల్లులు పెరిగాయి సార్" అని. 2 లక్షల ఖర్చును 280తో భాగిస్తే బిల్లుకి 714 రూపాయలు. సగటు బిల్లు 4,000, మిగులు 30 శాతం అనుకుంటే బిల్లుకి 1,200 వస్తుంది కాబట్టి లాభమే అనిపిస్తుంది. కానీ ప్రకటన లేని వైపు కూడా 640 నుంచి 800కి, అంటే పావు వంతు పెరిగింది. పండగ పెరుగుదల అది. వేసిన వైపు కూడా పండగ వల్లే 1,000 అయ్యేది. ప్రకటన తెచ్చింది 80. బిల్లుకి 2,500 ఖర్చు పెట్టి 1,200 సంపాదించినట్టు.

ఆ 80ని కూడా గట్టిగా పట్టుకోకండి. బిల్లులు ఏ కారణం లేకుండానే వారం వారం ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఈ నాలుగు అంకెల పరిమాణానికి ఆ ఊగిసలాటను లెక్కగడితే 80కి అటూ ఇటూ 140 వస్తుంది. అంటే ప్రకటన వల్ల 60 బిల్లులు తగ్గడం దగ్గర్నుంచి 220 పెరగడం దాకా ఏదైనా అయి ఉండొచ్చు. ఇదే పోలికకు 4 వారాల బదులు 24 వారాల పాత బిల్లులు ఉంటే ఆ 140 దాదాపు 105కి దిగుతుంది. తర్వాతి పండక్కి వైపులు మార్చి, ఇప్పుడు వేయని చోట వేసి, మళ్లీ కొలిస్తే ఇంకా దిగుతుంది. డబ్బును ఆరు వారాలకు పలచగా పరిచే బదులు మూడు వారాల్లో గట్టిగా వాడితే తేడా పైకి కనబడే వీలు పెరుగుతుంది. ఇది చిన్న దుకాణాల బాధే అనుకోవద్దు. అమెరికాలో పెద్ద దుకాణాలు, బ్రోకరేజీ సంస్థలతో చేసిన 25 ప్రయోగాలను కలిపి 2015లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగడితే, చాలావాటిలో లక్షల మంది వినియోగదారులున్నా, ప్రకటన మీద వచ్చిన రాబడిని 100 శాతానికి మించిన వెడల్పున్న అంచనాగా తప్ప చెప్పలేకపోయారు. నష్టమా, రెట్టింపు లాభమా తేలని వెడల్పు అది. కాబట్టి ఎవరైనా "మీ రాబడి 3.7 రెట్లు" అని దశాంశంతో సహా చెబితే ఆ దశాంశాన్ని చూసి కొంచెం జాగ్రత్తపడాలి.

బెంగళూరులో ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటూ వైట్‌ఫీల్డ్‌లో పనిచేసేవాడికి పగలు ఆఫీసులో ప్రకటన కనబడుతుంది, బిల్లు మీద మాత్రం ప్రకటన లేని పిన్‌కోడ్ పడుతుంది. మొబైల్ డేటా ఉన్న చోటును కొన్నిసార్లు తప్పుగా చూపిస్తుంది. ప్రకటన ఇలా హద్దు దాటి అటు కారిపోవడం (కారుడు) వల్ల ప్రకటన ఫలం ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది తప్ప ఎక్కువగా కాదు. ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు. బెంగళూరు, చెన్నై రెండుచోట్లా దుకాణాలు ఉన్నవాళ్లకి పని సుళువు. ఒక ఊళ్లో వేసి ఇంకో ఊళ్లో ఆపితే కారుడు ఉండదు. కాకపోతే చెన్నైలోని ఆడి (తమిళుల ఆషాఢ) మాసపు తగ్గింపుల రోజులను లెక్కలోకి లాగకూడదు.

పేరు గుర్తుండడం కోసం ప్రకటన ఇచ్చేవాళ్లకి గూగుల్, మెటా బ్రాండ్ లిఫ్ట్ అనే సర్వే చేస్తాయి. యాదృచ్ఛికంగా కొందరికి ప్రకటన ఆపి, రెండు గుంపులనీ "వీటిలో ఏ పేరు విన్నారు?" అని అడుగుతాయి. పద్ధతి మంచిదే. కానీ 30 శాతం మందికి ముందే తెలిసిన పేరును 33కి పెంచామని నమ్మకంగా చెప్పాలంటే గుంపుకి సుమారు 3,800 జవాబులు కావాలి. 2 పాయింట్ల తేడా పట్టుకోవాలంటే 8,400. అందుకే దానికి కనీస బడ్జెట్ అడుగుతారు. దానికి చాలని ఏజెన్సీలు "ప్రకటన చూసినవాళ్లలో 60 శాతం మందికి మీ పేరు తెలుసు, చూడనివాళ్లలో 35" అని సొంత సర్వే ఇస్తాయి. ప్రకటన చూసినవాళ్లు ఎవరు? యూట్యూబ్ ఎక్కువ చూసేవాళ్లు, మీ దుకాణం దగ్గర ఉండేవాళ్లు, ఇంతకుముందే మీ సైటు తెరిచినవాళ్లు. వాళ్లకి పేరు తెలియడంలో వింతేముంది? చూపాలా వద్దా అన్నది నాణెం తేల్చకపోతే ఆ 25 పాయింట్ల తేడాకు అర్థం లేదు. ఇంకో తిరకాసు, 30 నుంచి 33కి పెరిగినదాన్ని "10 శాతం లిఫ్ట్" అని రాస్తారు. అబద్ధం కాదు. వందమందిలో ముగ్గురు.

ఏజెన్సీతో రాసుకునే కాగితంలో ఉండవలసినవి ఎక్కువేమీ లేవు. ప్రకటన ఖాతా దుకాణం పేరు మీదే ఉండాలి, ఏజెన్సీకి పనిచేసే అనుమతి మాత్రమే. ఇదొక్కటీ ఉంటే స్క్రీన్‌షాట్ల మీద ఆధారపడే పనే లేదు, ఏజెన్సీ మారినా పాత లెక్కలు పోవు, ఎవరు ఎప్పుడు ఏ సెట్టింగు మార్చారో మార్పుల చరిత్రలో కనబడుతుంది. ప్లేస్‌మెంట్ రిపోర్టు, ఫ్రీక్వెన్సీ పట్టిక వారానికోసారి. ప్రకటన వేయని పిన్‌కోడ్‌ల జాబితా సంతకంతో సహా ముందే. ప్లాట్‌ఫారానికి పోయిన డబ్బు ఎంత, ఏజెన్సీ ఫీజు ఎంత, 18 శాతం జీఎస్టీ ఎంత అన్నవి మూడు వరసల్లో విడివిడిగా. ఇవన్నీ కలిపి ఒకే అంకెగా వచ్చిన బిల్లు మీద వ్యూ ధర లెక్కగట్టడం కుదరదు. ఏజెన్సీకి ఫీజు ఖర్చులో శాతంగా కాకుండా నెలకింత అని మాట్లాడుకుంటే, ఒక మడి వదలమన్నప్పుడు వాదన తక్కువ.

చివరగా మీకొక విన్నపం. మీ వెబ్‌సైటులో వీడియో వార్తల ముందు కూడా ప్రకటనలు వస్తున్నాయి. వాటికి రేటు కార్డు ఇచ్చేటప్పుడు వ్యూ అంటే ఎన్ని సెకన్లో, శబ్దం లేకుండా దానంతటదే మొదలైనవి అందులో ఉన్నాయో లేదో, పేజీ అడుగున తెర దాటి ఆడినవి తీసేశారో లేదో కూడా అచ్చువేయండి. అచ్చు కాపీల సంఖ్యకు ఆడిట్ ఉన్న రంగం నుంచి వచ్చిన మీరు మొదలుపెడితే మిగతావాళ్లను అడగడం దుకాణదారులకు తేలికవుతుంది. ఈ విషయం మీద మీ వ్యాపార పేజీలో ఏదైనా వేయదలచుకుంటే ఉగాదికి అటూ ఇటూగా వేయండి. దసరాకి కొలవాలనుకునే దుకాణం 24 వారాల పాత బిల్లులు చేతిలో ఉంచుకోవాలంటే, పిన్‌కోడ్ రాయడం అప్పుడే మొదలుపెట్టాలి.

ఇట్లు,
ప్రకటనల లెక్కలు చూసే ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు